ఆంధ్ర విశ్వకళాపరిషత్తు – ఉప్పాడ తీరము

విశ్వవిద్యాలయమును నెలకొల్పబూనినప్పుడు "అది యెచ్చట నుండవలెను" అను ప్రశ్నమే లోకమున ముందుగా వినబడును. "ఏ శాస్త్రములను నిలుపవలెను, వానికి నిత్యవృత్తి యెట్లు కలుగును" అను ప్రశ్నము వెనుకబడును. మొదటిది వర్తమానమునకు, రెండవది భవిష్యత్తునకు సంబంధించినది. ఈ రెంటి తారతమ్యమునకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రము మంచి నిదర్శనము. ఆ చరిత్రమును ఒఱసి చూచుటకు గోదావరీ మండలమున పిఠాపురమునకు చేరువ సముద్రతీరముననున్న ఉప్పాడ తగిన గీటురాయి.

చెన్నపురి విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడెను. తెలుగు జిల్లాల కళాశాలలు చిరకాలము దానికి లోబడియుండెను. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగిన పిమ్మట ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయము వలయునను కోరిక బలపడెను. తుదకు 1926 ఏప్రిలు 26వ తేదీని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో అవతరించెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రథమ వైస్‌ఛాన్సలరు. అంతలోనే స్థలవివాదము తలయెత్తెను. బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము – ప్రతిపక్షమునకును వాదులు కలరు. నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనిన పురమగుట రాజమహేంద్రవరమునకు గల ప్రతిష్ఠ. అయినను 1930లో పరిషత్తు వాల్తేరునకు చేరెను. దత్తమండలముల కళాశాలలు చెన్నపురి పరిధికి మరలెను. ఆ కలత 1937 నాటి శ్రీబాగు ఒడంబడికవఱకు సాగెను. వాల్తేరుతోపాటు అనంతపురమునందును విశ్వవిద్యాలయ కేంద్రముండవలెనని అందు చేర్చుకొనిరి.

వివాదము సద్దుమణగక మునుపే రెండవ ప్రశ్నమునకు సమాధానము దొరకుట విశేషము. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు యేటేట లక్ష రూపాయల వృత్తిని కల్పించిరి. ఒక్కమాఱు లభించు విరాళము భవనముగా నిలుచును. ఏటేట లభించు వృత్తి ఆచార్యులను నిలుపును. రామలింగారెడ్డిగారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి విడిచినను పూనిక చెడలేదు. 1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు దానినే కొనసాగించిరి. భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు, రసాయనశాస్త్రమున టి. ఆర్. శేషాద్రిగారు నియుక్తులైరి. 1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949వఱకు పరిషత్తును నడపిరి. పిదప సి. మహదేవన్‌గారి యాచార్యత్వమున భూగర్భశాస్త్రమును, దాని వెంబడి సముద్రశాస్త్రమును వృద్ధినొందెను. 1950ల దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్ వాల్తేరునకు వచ్చి పరిశోధకులతో గూడి బంగాళాఖాతమును పరిశీలించెను. సముద్రగర్భమున కనుగొన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టబడినవి.

స్థలము నిష్ప్రయోజనమని దీనివలన చెప్పరాదు. సముద్రము చేరువనుండుట వాల్తేరునకు మేలయ్యెను. కాని సముద్రము ఊరక యున్నంతమాత్రమున సముద్రశాస్త్రము పుట్టదు. పాణిని వృద్ధిసంజ్ఞను తన గ్రంథపు మొదటి సూత్రముననే నిలిపి, ఆఱేడు అధ్యాయములయందు దాని ఫలమును చూపెను. మొదటి సూత్రము చదువు బాలునకు దాని యుపయోగము కానరాదు. అంతమాత్రమున అది యనావశ్యకమని యెవ్వడును దానిని త్రోసివేయడు. విద్యాప్రణాళికయు నట్టిదే. 1926లో బెజవాడకై, రాజమహేంద్రవరమునకై వాదించినవారిలో ఎవరు సముద్రగర్భమును తలంచి యుందురు?

ఆ యుపయోగము నేడు ఉప్పాడయందు కానవచ్చుచున్నది. జామ్దానీ నేతకు ప్రసిద్ధికెక్కిన ఈ గ్రామపు తీరమును సముద్రము క్రమముగా కోసివేయుచున్నది; ఇండ్లు కూలినవి, కాకినాడకు పోవు తీరమార్గము పలుమాఱులు తెగినది. ఇసుక నింపిన పెనుసంచులతో కట్టిన గోడయు అలల తాకిడికి చెదరినది. తీరము వెంబడి ఇసుక ఎట్లు కదలును, దానిని ఏ కట్టడము అడ్డగించును, నదుల ఆనకట్టలచే ఒండ్రు తఱిగినప్పుడు డెల్టా యంచు ఏల వెనుకకు జరుగును అను ప్రశ్నములకు శ్రద్ధతో సమాధానము వెదకినవారిలో వాల్తేరు పరిశోధకులు ముఖ్యులు. పూర్వులు నాటిన శాస్త్రము ఫలించినది. ఆ ఫలము గోడ కట్టువాని చేతికి సకాలమున అందవలెను. ఆ మార్గమును ఏర్పఱచుటయు ప్రణాళికలో భాగమే.

పరిషత్తు గుంటూరున 1967లో స్థాపించిన స్నాతకోత్తర కేంద్రము 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమయ్యెను. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము వెలసి, గోదావరీ మండలముల చిరకాలవాంఛ ఎనుబదియేండ్లకు తీఱెను. 2008లో కాకినాడ సాంకేతిక విద్యాలయమును విశ్వవిద్యాలయమయ్యెను. ఇట్లు "ఎచ్చట" అను ప్రశ్నమునకు సమాధానము లభించినది. ఇక మిగిలినది రెండవ ప్రశ్నము. నేడు గోదావరీతీరమున నెలకొల్పబడు ఏ శాస్త్రపీఠము మఱి యెనుబదియేండ్లకు ఉప్పాడవంటి గ్రామమును కాపాడగలదు? దానికి ఏటేటి వృత్తి యెవ్వరు కల్పింతురు? ఉప్పాడలో కోత ఆగలేదు గనుక ఈ ప్రశ్నమునకు సమాధానము వాయిదా వేయదగినది కాదు.