సెలవు ముగిసినా దారి తెరుచుకోని ఊరు

1999 ఫిబ్రవరిలో ఆస్ట్రియా ఆల్ప్స్‌లోని గాల్టూర్‌కు స్కీయింగ్‌కని వెళ్లిన చాలామంది, సెలవు ముగిసినా ఇంటికి బయలుదేరలేకపోయారు. ఎడతెగని మంచుకు, చలికాలంలో ఊరికున్న ఒక్క రోడ్డూ రోజుల తరబడి మూతపడింది. 23వ తేదీ సాయంత్రం 4 గంటల వేళ కొండవాలు మీది మంచు ఊరిమీద విరుచుకుపడింది. అతిథులు, ఊరివాళ్లు కలిసి 31 మంది చనిపోయారు. మర్నాడు అదే లోయలోని వాల్జూర్‌లో మరో 7 గురు.

ప్రమాద పటంలో భద్రమని చూపిన చోట ఉన్న ఇళ్లూ కూలాయి. పాత హిమపాతాలు అంతదూరం రాలేదన్న నమ్మకమే అక్కడ దెబ్బతింది. చిక్కుకున్న వేలమందిని హెలికాప్టర్లు తరలించాయి. తర్వాత ఊరికి అడ్డుగోడ కట్టి, అందులోనే ఆల్పినేరియం అనే మ్యూజియం పెట్టారు. పెద్దలు చూసిన హద్దు దగ్గరే ప్రకృతి ఆగుతుందనుకోవద్దని ఆ గోడ ఈనాటికీ చెబుతోంది.