కోడి బోనుకు కొలత వచ్చిన కథ

1960ల మొదట్లో లండన్‌లో రూత్ హారిసన్ అనే ఆవిడ ఇంట్లో ఎవరో ఒక కరపత్రం పడేసి వెళ్లారు. పెట్టెల్లో బంధించి పెంచే లేగదూడల గురించి అందులో ఉంది. ఆమె పుట్టుకతో శాకాహారి. ఇది మాంసం తినేవాళ్ల గొడవ అనుకుని పక్కన పడేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. ఆమె అలా చేయలేదు. కొత్తరకం ఫారాల్లో పశువులనూ కోళ్లనూ ఎలా పెంచుతున్నారో ఆరా తీసి, 1964లో 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం రాసింది. దానికి ముందుమాట పర్యావరణ రచయిత్రి రేచెల్ కార్సన్‌ది. పుస్తకం రేపిన అలజడికి బ్రిటన్ ప్రభుత్వం ప్రొఫెసర్ బ్రాంబెల్ అధ్యక్షతన ఒక కమిటీ వేయక తప్పలేదు.

1965 డిసెంబరులో వచ్చిన ఆ కమిటీ నివేదిక ప్రతి పశువుకూ కనీసం ఐదు కదలికలకు వీలుండాలని చెప్పింది. లేవాలి, పడుకోవాలి, వెనక్కి తిరగాలి, ఒళ్లు శుభ్రం చేసుకోవాలి, కాళ్లూ రెక్కలూ చాపుకోవాలి. ఇంత చిన్న కోరికను ఒక ప్రభుత్వ కమిటీ రాతపూర్వకంగా అడగాల్సి వచ్చిందంటే, అప్పటికే ఫారాల్లో పరిస్థితి ఎక్కడికి చేరిందో ఊహించుకోవచ్చు.

ఆ నివేదికలోనే ఒక పొరపాటూ దొర్లింది. బోను అడుగున వేసే సన్నటి ఆరుపలకల తీగవల కోడి కాళ్లకు మంచిది కాదని, దానికి బదులు మందపాటి తీగ వాడాలని కమిటీ సూచించింది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి కోళ్లనే అడిగి చూశారు. రకరకాల నేలలు పక్కపక్కన పెట్టి, నచ్చినచోట నిలబడమని వదిలేశారు. కమిటీ కాదన్న సన్నవల మీదకే కోళ్లు ఎక్కువగా వెళ్లాయి. దాని మీద పాదానికి ఎక్కువచోట్ల ఆనిక దొరుకుతుంది. పశువుల మేలు మనుషుల జాలితో తేలేది కాదనీ, పరీక్షించి చూడాల్సిన శాస్త్రమనీ గట్టిగా రుజువైన సందర్భాల్లో ఇదొకటి.

1979లో బ్రిటన్‌లో ఏర్పడిన ఫార్మ్ యానిమల్ వెల్ఫేర్ కౌన్సిల్ బ్రాంబెల్ మాటలను విస్తరించి ఐదు స్వేచ్ఛలుగా కూర్చింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ రోగం, భయం లేకుండా బతకడం, సహజంగా మెలగగలగడం. చట్టాలు మాత్రం తాపీగా కదిలాయి. స్విట్జర్లాండ్ ప్రజలు 1978లో ఓటు వేసి ఆమోదించిన చట్టం వల్ల 1992 నాటికి అక్కడ బ్యాటరీ బోనులు, అంటే కోళ్లను బంధించే ఇరుకు తీగ బోనుల వరుసలు, పోయాయి. ఐరోపా సమాఖ్య 1999లో ఆదేశం ఇచ్చి, ఉత్త తీగ బోనులను 2012 జనవరి 1 నుంచి నిషేధించింది. వాటి స్థానంలో అనుమతించిన బోనులో ఒక్కో కోడికి 750 చదరపు సెంటీమీటర్ల చోటు, గుడ్డు పెట్టడానికి గూడు, వాలడానికి 15 సెంటీమీటర్ల కర్ర, గీరుకోవడానికి కాస్త పొట్టు ఉండాలి.

చట్టం కోసం ఎదురుచూడకుండా వచ్చిన దారి సర్టిఫికెట్. 1994లో ఆర్‌ఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ 'ఫ్రీడమ్ ఫుడ్' ముద్ర మొదలుపెట్టింది. ప్రమాణాలు రాసి, ఫారానికి వెళ్లి తనిఖీ చేసి, నెగ్గినవారి సరుకు మీద ముద్ర వేయనిచ్చారు. అమెరికాలో 'సర్టిఫైడ్ హ్యూమేన్' 2003లోనూ, నెదర్లాండ్స్‌లో ఒకటి నుంచి మూడు నక్షత్రాలిచ్చే 'బేటర్ లేవన్' 2007లోనూ వచ్చాయి.

ముద్ర ఎలా పనిచేయాలో అర్థం కావాలంటే పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పద్ధతిని దగ్గర నుంచి చూడాలి. అమెరికా కబేళాల్లో ఆమె చేతిలో ఒక పట్టీ పట్టుకుని లెక్కపెట్టేది. వందలో ఎన్ని పశువులు మొదటి దెబ్బకే స్పృహ తప్పాయి? ఎన్ని జారిపడ్డాయి? ఎన్ని అరిచాయి? ఎన్నింటిని కరెంటు కర్రతో పొడిచారు? మొదటి ప్రశ్నకు కనీసం 95 వస్తేనే పాస్. 1996లో ఆమె చూసిన కబేళాల్లో 30 శాతమే ఆ గీతను అందుకున్నాయి. 1999లో మెక్‌డొనాల్డ్స్ తన సరఫరాదారులపై ఇదే తనిఖీ పెట్టాక అది 90 శాతానికి చేరింది. 'బాగా చూసుకుంటున్నాం' అనే మాటకు అక్కడ చోటు లేదు, లెక్క ఒక్కటే. ఈ ఆరు దశాబ్దాల ప్రయాణంలో పశువులకు నిజంగా మేలు చేసింది ఇలాంటి లెక్కే.

ఐరోపా పెంపకం వివరాన్ని గుడ్డు పెంకు మీదకే తెచ్చింది. 2004 నుంచి అక్కడ గుడ్డు మీద మొదటి అంకె సున్నా అయితే సేంద్రియం, ఒకటి అయితే ఆరుబయట తిరిగే కోడిది, రెండు అయితే షెడ్డులో నేల మీద తిరిగేది, మూడు అయితే బోనుది. ఒకటో రకానికి కోడికి 4 చదరపు మీటర్ల ఆరుబయలు చూపించాలి. కొనేవాళ్లకు ఇంతకంటే సులువైన సమాచారం ఉండదు.

అయితే ముద్ర ఉన్నచోటల్లా మేలు జరుగుతోందని నమ్మకూడదు. 'ఆర్‌ఎస్‌పీసీఏ అష్యూర్డ్'గా పేరు మారిన పాత 'ఫ్రీడమ్ ఫుడ్' కింద ఉన్న ఫారాల్లో దుస్థితి ఉందంటూ 2024లో ఉద్యమకారులు దృశ్యాలు బయటపెట్టారు. ఆర్‌ఎస్‌పీసీఏ ఉపాధ్యక్షుడిగా ఉన్న సంగీతకారుడు బ్రయాన్ మే రాజీనామా చేశారు. తనిఖీ అరుదుగా, ముందే చెప్పి మరీ జరిగితే ముద్ర విలువ అంతే.

మన దగ్గర 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే, కదలడానికి తగినంత ఎత్తూ పొడవూ వెడల్పూ లేని బోనులో జంతువును ఉంచడం నేరమంది. 'తగినంత' అంటే ఎంతో చెప్పలేదు. ఆ ఖాళీలోనే గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారాల బోనులు పెరిగాయి. 2014లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టు ఐదు స్వేచ్ఛలను ప్రస్తావించి, జంతువులకు అవి దక్కాలంది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను పూర్తిగా కోళ్లకే కేటాయించి, బోనులు లేని ఫారాలను రాష్ట్ర పశుసంవర్ధక శాఖలు ధ్రువీకరించాలని సిఫార్సు చేసింది. 2023 నాటి కేంద్ర నియమాలు కోడికి 550 చదరపు సెంటీమీటర్లన్నాయి. ఒక ఏ4 కాగితం కంటే తక్కువ చోటు. ఐరోపా 2012లో వదిలేసిన కొలతే ఇది. అయినా అరవై ఏళ్లకు ఒక అంకె దొరికింది, అది చిన్న సంగతి కాదు.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. బోనులు తీసి ఊక పరిచిన షెడ్డుకు మారే రైతుకు చోటు, కూలీ, దాణా ఖర్చు పెరుగుతాయి. నమ్మదగిన ముద్ర లేకపోతే ఆ గుడ్డుకు అదనపు ధర రాదు. ప్యాకెట్ మీద పచ్చటి పొలం బొమ్మ వేసినవాడికీ ఈ రైతుకీ బజారులో తేడా ఉండదు. లా కమిషన్ చెప్పిన ధ్రువీకరణను రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు మొదలుపెట్టాలి, తనిఖీలు ముందు చెప్పకుండా జరపాలి, ఫలితాలు అందరికీ కనిపించేలా పెట్టాలి.

అంతవరకూ కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. 'ఫార్మ్ ఫ్రెష్' అని రాసిన డబ్బా కనిపిస్తే, ఆ కోడికి ఎంత చోటిచ్చారు, ఎవరు తనిఖీ చేశారు అని కంపెనీని అడగండి.