నిజాముల కారు: మూడు తరముల చరిత్ర

వాహనము పాతబడినకొలది దాని విలువ యంత్రమునందు కాక, అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదను చరిత్రమునందే యుండును. హైదరాబాదు నిజాముల పసుపు వన్నె రోల్స్ రాయిస్ ఇందుకు తార్కాణము.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దీనిని ఇంగ్లండునందు చేయించుటకు ఉత్తరువిచ్చిరి. లండనులోని బార్కరు సంస్థవారు పైకట్టడమును నిర్మించి, సింహాసనమువంటి ఎత్తైన ఆసనమును అమర్చిరి. కాని కారు చేరకమునుపే, 1911 ఆగస్టులో, వారు కన్నుమూసిరి. కోరినవారు ఎక్కలేదు, కుమారులు ఉస్మాన్ అలీఖానునకు అది సంక్రమించినది. వారును దానిని అరుదుగానే వాడిరి. 1967లో వారు గతింపగా మనుమడు ముకర్రం జా వారసులైరి. ఏండ్ల తరబడి మూలబడిన ఆ కారు పిమ్మట బాగుచేయబడి, చౌమహల్లా ప్రాసాదమున ప్రజల దర్శనార్థము నిలుపబడినది.

రంగు మారును, యజమాని మారును. ఛాసిస్‌పై చెక్కిన సంఖ్యయే వాహనమునకు నిలుకడయైన గుర్తు. ఆ సంఖ్యను పట్టి వ్రాసియుంచిన కాగితములే దాని చరిత్ర. మన మడకశిర సీమలో వేరుసెనగ మూటలు మోసిన పాత లారీకి ఆర్.సి. పుస్తకము అట్టిదే, గ్రంథాలయమునకు పుస్తకములు చేర్చుకొను రిజిస్టరును అట్టిదే. కాగితము పోయినచో వస్తువు మిగిలినను దాని కథ మిగులదు. కావున పాత దస్త్రములను చెదల పాలు కానీయవలదని పాఠక మహాశయులకు మనవి.