సర్వసాక్షి – వ్యక్తిగత గోప్యత

సర్వసాక్షి: జీవుల చేతలనూ మనసులోని తలపులనూ దేవుడు ఎల్లవేళలా చూస్తుంటాడన్న భావన. శ్వేతాశ్వతరోపనిషత్తు పరమాత్మను సర్వభూతాల్లో దాగిన సాక్షిగా వర్ణిస్తుంది. ‘పైవాడు చూస్తున్నాడు’ అన్న వాడుకమాటలో ఉన్నదీ ఇదే.

ఆలయాచారంలో దీనికి విలువైన మరో పార్శ్వం ఉంది. నైవేద్యం వేళ గర్భగుడికి తెర వేస్తారు. రాత్రి పవళింపు సేవ ముగిశాక తలుపులు మూస్తారు. అందరినీ చూసే దేవుడికీ ఏకాంతం ఉంది.

ఇప్పుడు ఆలయంలో చూసేది దేవుడొక్కడే కాదు, కెమెరా కూడా. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థంలో 2020 డిసెంబరు చివర ఘోరం జరిగింది. బోధికొండపై కోదండరాముడి విగ్రహం శిరస్సును దుండగులు ఖండించారు. ఆ శిరస్సు దగ్గర్లోని కొలనులో దొరికింది. ఆ ఏడాది రాష్ట్రంలో జరిగిన ఇలాంటి ఘటనలతో ఆలయాల్లో సీసీ కెమెరాల అవసరం ముందుకొచ్చింది.

దేవుడి చూపు, కెమెరా చూపు ఒకటి కావు. చిత్రగుప్తుడి చిట్టా యముడి కొలువు దాటదు. కెమెరా దృశ్యం నిల్వ ఉంటుంది, చేతులు మారుతుంది; గోప్యత ప్రశ్న అక్కడే వస్తుంది. గోప్యత 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.