ఫేజు

"త్రీ ఫేజు వచ్చిందా?" గుంటూరు, ప్రకాశం మిర్చి చేలల్లో బాగా నలిగిన ప్రశ్న ఇది. ఇళ్లకు సింగిల్ ఫేజు చాలు, బోరు మోటారుకు మూడూ కావాలి. అవి వచ్చేది కొన్ని గంటలే. మూడింట్లో ఒకటి లేనప్పుడు స్విచ్చేస్తే మోటారు తిరగదు, గుర్రుమంటుంది. వెంటనే ఆపకపోతే వైండింగు కాలిన వాసన వస్తుంది.

ఈ మాట ఆకాశం నుంచి దిగింది. గ్రీకులో ‘ఫాసిస్’ అంటే కనిపించడం. ఇంగ్లీషులో మొదట చంద్రకళలకు వాడారు. తర్వాత, పెరిగి తరిగే ఏసీ కరెంటు ఏ దశలో ఉందో చెప్పడానికి విద్యుత్ శాస్త్రం తీసుకుంది. చక్కటి ఎంపిక!

ఎక్స్‌రే గదిలోనూ ఇదే మాట. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని పదుల వేలకు పెంచుతుంది, రెక్టిఫయరు కరెంటును ఒకే దిక్కుకు నడిపిస్తుంది. సింగిల్ ఫేజయితే వోల్టేజీ సెకనుకు 100 సార్లు సున్నాకు పడుతుంది. అది తగ్గినప్పుడల్లా పుట్టే బలహీన కిరణాలు ఫిల్ముదాకా రావు, రోగి ఒంట్లోనే ఇంకిపోతాయి. మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి అందుకుంటే సెకనుకు 300 శిఖరాలు. ఒడిదుడుకు 13 శాతం దగ్గరికి దిగుతుంది. ఊపిరి బిగబట్టడం తెలియని పసిబిడ్డకు ఇది పెద్ద మేలు, రెప్పపాటులో ఎక్స్‌రే అయిపోతుంది. ఇప్పటి హై ఫ్రీక్వెన్సీ యంత్రాలు సింగిల్ ఫేజుతోనే ఇంతకన్నా నిలకడైన వోల్టేజీ ఇస్తున్నాయి, కాబట్టి చిన్న ఊరి ఆసుపత్రి త్రీ ఫేజు కోసం ఆగక్కర్లేదు.