డచ్చివారి పటములో మన పానగల్లు

పూర్వపు రేడియో పెట్టెల అద్దముపై నగరముల పేర్లు వరుసగా అచ్చువేసి యుండెడివి. ముల్లు త్రిప్పుచు లండను, మాస్కో, హిల్వర్సం అను పేర్లను దాటుకొని మన కేంద్రమునకు వచ్చెడివారము. ఆ హిల్వర్సం హాలండు దేశపు రేడియో కేంద్రములున్న ఊరు. దానికి దాపుననే ఆమ్‌స్టర్‌డాం నగరము కలదు. దాదాపు నాలుగు వందల యేండ్లకు పూర్వము ఆ నగరమున కొందరు కూర్చుండి, మన దేశమును కంట చూడకయే, దాని పటమును రాగిరేకుపై చెక్కిరి. అట్టి పటములలో మన నల్లగొండ, పాలమూరు సీమలకు ఎట్టి స్థానము దక్కినదో విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

పటముల పరిశ్రమకు ఆ కాలమున ఆమ్‌స్టర్‌డాం పుట్టినిల్లు వంటిది. విల్లెం బ్లావ్ అను నతడు, అతని కుమారుడు యోవాన్ బ్లావ్ ఈ పనిలో మిక్కిలి ప్రసిద్ధులు. వారి కార్యాలయమున తొమ్మిది అచ్చుయంత్రములుండెడివి. వానికి గ్రీకుల తొమ్మండుగురు కళాదేవతల పేర్లు పెట్టిరి. చెక్కువాడు అక్షరములను కుడియెడమలు తారుమారు చేసి రాగిరేకుపై చెక్కవలెను. రేకునకు సిరా పూసి, పైని తుడిచి, తడి కాగితము నుంచి గట్టిగా నొత్తినచో గాట్లలోని సిరా కాగితమున కంటును. రంగులన్నియు తరువాత చేతితో దిద్దినవే. 1662లో యోవాన్ బ్లావ్ తన మహాపటసంపుటమును లాటిను భాషలో 11 సంపుటములుగా వెలువరించెను. పదియేండ్లకు, 1672లో, అగ్నిప్రమాదము వలన అతని ముద్రణాలయము దగ్ధమయ్యెను. మరుసటి యేట అతడును గతించెను.

విల్లెం బ్లావ్ సుమారు 1638లో ప్రకటించిన మొగలు సామ్రాజ్య పటమొకటి కలదు. దానికి మూలము 1619లో లండనులో అచ్చయిన ఆంగ్లేయుల పటము. జహంగీరు కొలువునకు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో చెప్పిన సంగతులను బట్టి విలియం బాఫిన్ దానిని గీచెను. ఉత్తరధ్రువ ప్రాంతపు బాఫిన్ అఖాతమునకు పేరిచ్చిన నావికుడితడే. రో అజ్మీరును, మాండూను చూచెను గాని గోలకొండకు రాలేదు. కావున ఆ పటములో ఉత్తరాపథపు బాటలు, నగరములు తీర్పుగా నున్నను, మన వైపునకు వచ్చుసరికి వార్తలే తప్ప కంటితో చూచినది లేదు.

డచ్చివారు మన తీరమునకు రాలేదా యన్నచో, వచ్చిరి. 1605లో మచిలీబందరు చేరి, మరుసటి యేట మహమ్మదు కులీ కుతుబుషా వద్ద వర్తకమునకు ఫర్మానా పొందిరి. 1610లో పులికాటున కొఠీ వేసి, ఆపై అచ్చట కోట కట్టి దానికి గెల్డ్రియా అని పేరిడిరి. గెల్డర్ అనునది డచ్చివారి దేశములోని ఒక సీమ. ఎక్కడి గెల్డర్, ఎక్కడి పులికాటు! తమ ఊరి పేరును మన గడ్డపై నాటిన ఆ వర్తకులు, మన ఊళ్ల పేర్లను మాత్రము తమ కాగితముపై అంత శ్రద్ధగా నాటలేదు.

ఆ నాటి డచ్చి సముద్రపటములను చూడుడు. మచిలీబందరు, నిజాంపట్నము మొదలగు రేవుల పేర్లు తీరరేఖ వెంబడి కిక్కిరిసి యుండును. లోతట్టునకు పోయినకొలది పేర్లు పలుచనగును. గోలకొండ యను పేరొకటి దూరమున మెరయును. నడుమనున్న మన రాళ్ల సీమ తెల్లకాగితముగా మిగులును. కొన్ని పటములలో అట్టి చోటును ఏనుగుల బొమ్మలతో నింపిరి.

ఇందుకు కారణము లేకపోలేదు. నావికునకు లోతును, ఇసుకమెట్టలును, రేవును తెలిసిన చాలును. వర్తకునకు బట్టయు, నీలిమందును, వజ్రమును దొరకు చోటు తెలిసిన చాలును. అదియును గాక డచ్చి కంపెనీ తనకు తెలిసిన మార్గములను చేతివ్రాత పటములలో గుప్తముగా నుంచుకొనెడిది. అందుచేత అంగడిలో అమ్మిన పటము దేశముయొక్క స్వరూపము కాదు. అమ్మువాడు చెప్పదలచినదియు, కొనువాడు చూడగోరినదియు మాత్రమే.

ఆ తెల్లకాగితముపై నిజముగా ఏమియు లేదా? ఫ్రెంచి రత్నవర్తకుడగు టావెర్నియే గ్రంథము 1676లో పారిసులో వెలువడినది. గోలకొండ నుండి కొల్లూరు గని మీదుగా మచిలీబందరు పోవు బాటలోని మజిలీలను అతడు వరుసగా వ్రాసెను. ఆ పేర్లలో జాతెనగర్, పతెంగి, పెంగల్, నాగెల్పర్ అనునవి కలవు. జాతెనగర్ మన హయాతునగరు. పతెంగి చౌటుప్పలు దాపునగల పంతంగి. నేడు విజయవాడ రహదారిపై సుంకము చెల్లించుచోటుగా బండ్లవారందరు ఎరిగిన ఊరే. పెంగల్ అనగా పానగల్లు.

ఇచ్చట నొక చిక్కు కలదు. మనకు పానగల్లులు రెండు. ఒకటి నల్లగొండ పట్టణమును ఆనుకొని యున్నది. రెండవది ఒకప్పటి మహబూబునగరు జిల్లాలోనిది, నేడు వనపర్తి జిల్లాలో చేరిన దుర్గము. టావెర్నియే ఏ ఊరిలో దిగెను? పేరు ఒక్కటే చూచినచో తీర్పు చెప్పలేము. బాటను చూడవలెను. హయాతునగరు, పంతంగి దాటి ఆగ్నేయముగా కృష్ణవైపు దిగువానికి నల్లగొండ పానగల్లు దారిలోనే తగులును. వనపర్తి పానగల్లు గోలకొండకు దక్షిణముగా, కర్నూలు దిక్కున నున్నది. కావున ఆ మజిలీ నల్లగొండదే యనుట యుక్తము. పరభాషలో వ్రాసిన మన ఊరిపేరును పోల్చుకొనుటకు నిఘంటువుకన్న బండిబాట ఎక్కువ సహాయము చేయును.

టావెర్నియే మజిలీ చేయుటకు కొన్ని శతాబ్దముల ముందే ఆ పానగల్లు రాజధాని. కందూరు చోడులు అచ్చటినుండి ఏలిరి. వారి వంశమునకు పేరిచ్చిన కందూరు పాలమూరు సీమలోనిది. అనగా నేడు వేరువేరుగా చెప్పుకొను రెండు జిల్లాలును ఒకనాడు ఒక్క కుటుంబపు ఏలుబడిలో నుండినవి. వారి కాలపు ఉదయసముద్రము, ఛాయా సోమేశ్వరాలయము నేటికిని నిలిచియున్నవి. ఆ చెరువు ఇప్పుడు కాలువనీటిని నిలువచేయు జలాశయముగా పనిచేయుచున్నది. సముద్రమును గీచుటలో ఆరితేరిన డచ్చివారి పటములకు, మనవారు సముద్రమని పేరుపెట్టుకొన్న ఈ చెరువు అందలేదు!

మరియొక చిత్రము. ఆ కాలపు డచ్చి పటములలో దూరమును తరచుగా జర్మను మైళ్లతో సూచించిరి. ఒక అక్షాంశభాగమునకు అట్టివి 15. అనగా మైలొక్కటికి సుమారు 7.4 కిలోమీటర్లు. మన పెద్దలు కోసులతోను, ఆమడలతోను దూరము చెప్పెడివారు. రాతిగుట్టలు, ఎండిన వాగులు అడ్డువచ్చునెడ కోసు ఎంత సాగునో కాలినడకవానికే తెలియును. మన సీమను నిజముగా కొలిచినవారు 19వ శతాబ్దిలో వచ్చిరి. 1802లో మద్రాసువద్ద లాంబ్టన్ దొర ఆరంభించిన త్రికోణ సర్వే, 78వ తూర్పు రేఖాంశ ప్రాంతమును పట్టుకొని ఉత్తరమునకు సాగెను. పాలమూరు పట్టణము సరిగా ఆ రేఖాంశముపైననే యున్నది. తెల్లకాగితము గీతలతో నిండుటకు అంతకాలము పట్టినది.

పటములో లేనిది లేనట్లే యని తలచుట పెద్ద పొరపాటు. వజ్రములకై ప్రపంచమెల్ల పేరుమ్రోగిన కొల్లూరు ఆ నాటి యాత్రికుల వ్రాతలలో ఘనముగా నున్నది. అచ్చట 60,000 మంది పనిచేయుచుండిరని టావెర్నియే వ్రాసెను. ఆ ఊరు మన కాలమున పులిచింతల జలాశయపు నీటిలో మునిగినది. నేడు పటమున పేరుండి ఊరు లేదు. మన పల్లెలలో ఊరుండి పటమున పేరులేని కుంటలు, గుట్టలు, బాటలు ఎన్నియో కలవు. వాని పేర్లు ముసలివారి నోటనే యున్నవి.

కావున ఈ ప్రసంగమును చదువువారికి మాదొక మనవి. మీ యింటి పెద్దల నడిగి, మీ ఊరి చెరువులకు, వాగులకు, పాతబాటలకు గల పేర్లను ఒక కాగితముపై వ్రాసియుంచుడు. రాగిరేకు అక్కరలేదు, ఏనుగు బొమ్మ అక్కరలేదు. ఆమ్‌స్టర్‌డాం నగరమువారు విడిచిన ఖాళీని నింపవలసినవారము మనమే.