చక్రం మారితే లెక్క మారాలి

మొన్న ధాన్యం తోలేటప్పుడు మా చిన్నాన్న కొడుకు దిగులుగా అన్నాడు: "పెద్ద టైర్లు వేయించినప్పట్నుంచి లారీ మైలేజీ పడిపోయిందన్నా, ఇంజను విప్పించాలేమో." ఇంజను జోలికి పోకు తమ్ముడూ, ముందు మీటర్ సంగతి చూడు అన్నాను. ఎందుకో తెలియాలంటే కాస్త పాత కథ చెప్పుకోవాలి.

మీటర్ రోడ్డుని కొలుస్తుందని మనం అనుకుంటాం. కాదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. ఈ పద్ధతి రెండు వేల ఏళ్ళ నాటిది. రోమ్‌లో విట్రూవియస్ అనే ఆయన తన పుస్తకంలో రాశాడు: పన్నెండున్నర అడుగుల చుట్టుకొలత ఉన్న బండి చక్రం 400 చుట్లు తిరిగితే 5000 అడుగులు, అంటే వాళ్ళ మైలు. మైలు నిండగానే ఒక గుండ్రాయి డబ్బాలో పడేట్టు పళ్ళ చక్రాలు పెట్టాలన్నాడు.

1847లో అమెరికాలో మోర్మన్ మతం వాళ్ళు బండ్లు కట్టుకుని పడమటికి వలస పోయారు. రోజుకెంత దూరం నడిచామన్న దానిమీద తలా ఒక మాట. వాళ్ళలో విలియం క్లేటన్ అనే ఆయనకి ఈ ఉజ్జాయింపులు నచ్చలేదు. బండి చక్రం కొలిస్తే చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు. 360 చుట్లకి సరిగ్గా మైలు! చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, మే 8న రోజంతా పక్కనే నడుస్తూ లెక్కపెట్టాడు. 4,070 చుట్లు, అంటే పదకొండుంపావు మైళ్ళ పైచిలుకు. తర్వాత ఆ పని చేసే చెక్క పళ్ళ చక్రాల యంత్రాన్ని వాళ్ళలో ఒక వడ్రంగే తయారుచేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ చక్రం తీసేసి చుట్టుకొలత అరడుగు ఎక్కువున్నది వేసి, పాత 360 లెక్కే పట్టుకుంటే? మైలుకి 180 అడుగులు లెక్కలో లేకుండా పోతాయి. మనవాడి లారీలో జరిగిందీ అదే.

1902లో జర్మనీలో ఓటో షుల్జ్ స్పీడోమీటర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. కేబుల్ అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని లాగుడుకి ముల్లు కదులుతుంది. ఆ కేబుల్‌కి తెలిసిందీ చుట్లే. టైరు సైజు దానికేం తెలుసు?

మన లెక్క చూద్దాం. పాత టైరు ఒక చుట్టుకి 2.50 మీటర్లు, కొత్తది 2.65 అనుకోండి. తేడా నూటికి 6. మీటర్ 60 చూపిస్తే మీరు పోయేది 63 దాటి. మీటర్‌లో 100 కిలోమీటర్లంటే నిజంగా 106. ఇరవై లీటర్లు తాగితే లీటరుకి 5 అనుకుంటారు, నిజానికి 5.3. కిలోమీటర్ లెక్కన కిరాయికి తిప్పితే వెయ్యికి 60 కిలోమీటర్లు ఊరికే తోలినట్టు. ఆయిల్ మార్చే గడువూ దాటిపోతుంది.

సరిచేసే దారి: గాలి సరిగా పెట్టి, లోడు మీద, టైరుకి సుద్దముక్కతో గీత పెట్టండి. పది చుట్లు తోలి నేలమీద టేపుతో కొలవండి. పాత సైజు టైరునీ అలాగే కొలిస్తే తేడా తెలుస్తుంది. కేబుల్ మీటరైతే గేరుబాక్సు దగ్గర కేబుల్‌ని తిప్పే చిన్న పళ్ళ చక్రం తీసి, తక్కువ పళ్ళున్నది వేయించాలి. కొత్త బండ్లలో కంప్యూటర్‌లో టైరు సైజు మార్పిస్తే చాలు. రెండూ కుదరకపోతే మీటర్ అంకెని 1.06తో హెచ్చవేసుకోండి, స్పీడు ఆ మేరకు తగ్గించి తోలండి.

మా తమ్ముడు కొలుచుకున్నాడు. ఇంజను విప్పలేదు.